సొట్ట పందెం

మా పెద్దమావయ్య లాండ్రీలో ఇస్త్రీ గదికి ఒకటే కిటికీ. హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు ఉతికి ఆరాక ఆ గదికే చేరతాయి. అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరూ పొద్దున్నుంచి నిలబడే ఉంటారు. కూర్చుంటే దుప్పటి అంచు నేలకి తగులుతుంది, తగిలితే మావయ్య మళ్ళీ ఉతకమంటాడు. సాయంత్రమయ్యేసరికి అందరి కాళ్ళూ వాచిపోతాయి. చెప్పుల పట్టీ చివరి బెజ్జంలో పెట్టుకోవడం అక్కడ మామూలు.

నాన్న పోయాక అమ్మకి ఆ గదిలో పని ఇచ్చింది మావయ్యే. నా బడి పుస్తకాలు కూడా ఆయనే కొంటాడు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనడు. ఆయన బదులు అమ్మే రోజూ అంటుంది.

సెలవుల్లో నేను గలీబులు మడతపెట్టడానికి వెళ్ళేదాన్ని. పని కట్టేశాక అక్కడ ఒక ఆట ఆడేవాళ్ళు. మాసిన బట్టల మూటల మీద కాళ్ళు చాపుకుని, ఒకరి మోకాలి కింద ఎముక మీద ఇంకొకరు బొటనవేలితో గట్టిగా నొక్కేవాళ్ళు. వేలు తీస్తే సొట్ట పడి ఉంటుంది. ఎవరి సొట్ట అందరికంటే ఆఖరున పూడుతుందో వాళ్ళు గెలిచినట్టు. గదిలో ఉన్న ఒకే ఒక్క స్టూలు మర్నాడు వాళ్ళది. భోజనాలయ్యాక కాసేపు దాని మీద కూర్చుని గలీబులు మడవొచ్చు.

ఆ వేసవంతా స్టూలు అమ్మదే.

“స్టూలు రాణిగారూ, ఇవాళైనా మామీద దయ చూపండి,” అనేది గంగాళం అక్క. గంగాళం మీద గరిటెతో కొట్టినట్టుంటుంది ఆవిడ గొంతు.

“కష్టపడి తెచ్చుకున్న వాపు. ఊరికే వదులుకుంటానా?” అనేది అమ్మ.

“అది కాలు కాదు వదినా, పిండిముద్ద. గోళీ పెట్టినా దొర్లిపోకుండా ఉంటుంది.”

అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ కూడా నవ్వేది. నాన్న పోయాక అమ్మ ఏదైనా గెలవడం నేను చూసింది అక్కడే. అందుకని నాకూ సంతోషంగానే ఉండేది.

గది మూల మంచినీళ్ళ కుండ పక్కన బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉండేది. దాని నిండా నొప్పి మాత్రలు. మావయ్య టోకున తెప్పించి పెట్టేవాడు. ఎవరినీ అడగక్కర్లేదు. మధ్యాహ్నం ఒకటి, బస్సెక్కేముందు ఒకటి వేసుకునేవాళ్ళు. వేరే లాండ్రీల్లో ఇలా ఎవరు పెడతారని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. పందెం గెలిచినవాళ్ళు ఒకటి ఎక్కువ వేసుకోవచ్చని ఎవరో వేళాకోళంగా అన్నారు. అదే అలవాటైపోయింది. ఎవరి దృష్టిలోనూ అది మందు కాదు. టీ లాంటిది.

మిగతావాళ్ళ కాళ్ళు తెల్లారేసరికి మామూలయ్యేవి. అమ్మవి తగ్గడం మానేశాయి. తర్వాత పొద్దున్న లేచేసరికి కళ్ళ కింద సంచుల్లా ఉబ్బడం మొదలైంది.

“ఏంటమ్మా, మొహం అలా ఉంది?” అన్నాను.

“రాత్రంతా ఏడ్చాననుకుంటారా? కాస్త పౌడరు రాసుకుంటాలే.”

మందుల షాపాయన ఒంటికి నీరు పట్టిందని చెప్పి, నీరు పోయే మాత్రలిచ్చాడు. వాపు కాస్త తీసి మళ్ళీ వచ్చింది. నీరు పట్టిన ఒంటికి మళ్ళీ నీళ్ళెందుకంది గంగాళం అక్క. అమ్మ నీళ్ళు తాగడం తగ్గించేసింది. నాలుక పిడచకట్టుకుపోతుంటే ఉప్పు బిస్కెట్టు బుగ్గన పెట్టుకుని పని చేసేది.

ఇస్త్రీ పెట్టె పిడి చుట్టూ వేళ్ళు ముడుచుకోని రోజున మావయ్యే వ్యాన్‌లో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. కాళ్ళ జబ్బు కదా అని ఎముకల డాక్టరుకి చూపించాడు. ఆయన ఎక్స్‌రే పైకెత్తి చూసి, “ఎముకలు బాగానే ఉన్నాయి. ఇది నాది కాదు. జనరల్ మెడిసిన్‌లో చూపించండి,” అన్నాడు.

బయటికొచ్చాక మావయ్య గోడ మీద బోర్డు చూశాడు. గుండెకొకరు, చర్మానికొకరు, చెవికొకరు ఉన్నారు. అన్నిటికంటే కింద జనరల్ మెడిసిన్.

“జనరల్ అంటే రైల్లో జనరల్ బోగీ లాంటిదే. ఏ చదువూ పూర్తిగా చదవనివాళ్ళని అక్కడ కూర్చోబెడతారు. జలుబులకి పనికొస్తారు. ఎముకలు ఉక్కులా ఉన్నాయన్నాడుగా, ఇంకేం,” అని వ్యాన్ వైపు నడిచాడు.

అమ్మ ఆయన వెనకాలే నడిచింది. నేను కదల్లేదు. మావయ్యకి ఎదురు చెప్పడం అటుంచి, ఆయన మొహం చూసి మాట్లాడిందే లేదు నేను. ఆ బోర్డునే చూస్తూ, “మావయ్యా, అమ్మకి మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోంది. బాత్‌రూమ్‌లో సబ్బునురగలా పోతోందంది,” అన్నాను.

“ఏమే కోడలా, నీకు నోరుందా?” అన్నాడు. వెనక్కైతే వచ్చాడు.

జనరల్ డాక్టరు నెరిసిన జుట్టావిడ. అమ్మని బల్ల మీద కూర్చోబెట్టి, కళ్ళ కింద చూసి, ఛాతీ మీద గొట్టం పెట్టి విని, కాలు చేతిలోకి తీసుకుని ఎముక మీద బొటనవేలితో నొక్కింది. అచ్చం మా గదిలో నొక్కినట్టే. అమ్మకి నవ్వొచ్చింది.

“ఎందుకు నవ్వుతున్నారు?”

“మా దగ్గర దీని మీద పందెం కాస్తామండి. నేనే గెలుస్తాను.”

డాక్టరు నవ్వలేదు. సొట్ట పూడేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయింది. అమ్మ నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

“వాపు జబ్బు కాదమ్మా, లోపలి జబ్బు మీద ఒళ్ళు చెప్పే చాడీ. రక్తనాళాల్లో ఉండాల్సిన నీరు బయటికొచ్చి కండలో కూర్చుంటోంది. ఎందుకొస్తోందో వెతకాలి. గుండె అలిసిపోయినా వస్తుంది, లివర్ చెడినా, కిడ్నీలు చెడినా వస్తుంది. రోజంతా నిలబడినా వస్తుంది. మీతో పనిచేసేవాళ్ళకి నిలబడటం వల్లే వచ్చి ఉంటుంది. మీ మొహం చూస్తే మీది అది కాదనిపిస్తోంది. మాత్రలేమైనా వాడతారా?”

“ఆ మధ్య నీరు పోయే మాత్ర వేసుకున్నానండి. ఇంకేం లేవు.”

“నొప్పి మాత్రలు? అంతసేపు నిలబడితే నొప్పులుండవా?”

అమ్మ పక్క కుర్చీలో కూర్చున్న మావయ్యని చూసింది. మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“ఓర్చుకుంటానండి,” అంది అమ్మ.

“డబ్బాలోవి,” అన్నాను.

“గట్టిగా చెప్పమ్మా, వినబడలేదు.”

“లాండ్రీలో డబ్బా ఉంటుంది. రోజూ రెండు వేసుకుంటుంది. గెలిస్తే మూడు.”

“ఎన్నాళ్ళుగా?”

“నాన్న పోయినప్పటినుంచి.”

డాక్టరు కలం బల్ల మీద పెట్టేసింది. మూత్రం, రక్తం పరీక్షలకి పంపింది. కాగితాలొచ్చాక మావయ్యకి కాకుండా అమ్మకే చెప్పింది. ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులు మూత్రంలో పోతున్నాయట. నురగ అదేనట. కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయట. ఆ మాత్రల వల్లే కావచ్చు, కిడ్నీల డాక్టరు కూడా చూసి తేల్చాలంది. నొప్పి మాత్ర ఇక ముట్టకూడదు. ఉప్పు తగ్గించాలి. రోజంతా నిలబడే పని వద్దు. నీళ్ళు ఎన్ని తాగాలో తను చెప్తుంది, ఇరుగుపొరుగు కాదు.

“బాగవుతానా అండీ?”

“పాడైంది ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను. మిగిలింది మాత్రం కాపాడుకోవాలి. వాపు మొదలైనప్పుడే వచ్చి ఉంటే బాగుండేది.”

వ్యాన్‌లో మావయ్య అద్దంలో నన్ను చూస్తూ అన్నాడు. “ఉచితంగా పెట్టాను. ఎవరి నోట్లోనూ కుక్కలేదు. ఉప్పు మానెయ్యమందిగా మీ డాక్టరమ్మ. ఇకనుంచి నా ఉప్పు కూడా తినక్కర్లేదులే.”

“అన్నయ్యా, చిన్నపిల్ల, దానికేం తెలుసు,” అంది అమ్మ. అని నా వైపు తిరిగి, “పరాయి మనిషి ముందు సొంతవాళ్ళ మీద చాడీలు చెప్పమని బళ్ళో నేర్పారా?” అంది.

దాని తర్వాత అమ్మ నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. అన్నం పెట్టింది, జడ వేసింది, నా మొహం చూడలేదు. రాసిచ్చిన మందులకి వాపు తగ్గుతూ వచ్చింది. పాదాల మీద ఎముకలు తేలాయి. పాత చెప్పులు వదులయ్యాయి. డాక్టరమ్మ నిలబడే పని వద్దందిగా, ఇక రావద్దని మావయ్య కబురు పంపాడు. కూర్చునే పని ఇస్తాననలేదు.

అమ్మ భోజనం గిన్నె, తువ్వాలు లాండ్రీలో ఉండిపోతే తేవడానికి నేనే వెళ్ళాను. అమ్మ బల్ల దగ్గర ఒక కొత్తావిడ దుప్పటి లాగి పరుస్తోంది. మా గంగాళం అక్క నన్ను చూసి తల దించుకుంది. రేకు డబ్బా కుండ పక్కన లేదు. మావయ్య బల్ల మీదుంది. చేతికందే చోటే ఉంది, మూత మాత్రం పెట్టి ఉంది.

“అడిగినవాళ్ళకే ఇస్తున్నాను,” అన్నాడు నేను చూడటం చూసి. “రేపు నా మీదకి రాకుండా.”

కొత్తావిడ తలుపు దాకా నా వెంట వచ్చి, “మీ అమ్మేగా స్టూలు రాణి? ఇప్పుడు నేనట,” అంది.

“ఆ మాత్రలు వేసుకోకండి. పొద్దున్నకి వాపు తగ్గుతోందో లేదో చూసుకోండి. తగ్గకపోతే జనరల్ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎముకలాయన దగ్గరికి కాదు.” ఒక్క ఊపిరిలో చెప్పేశాను. చెప్పాక చెవులు వేడెక్కాయి.

“అలాగే డాక్టరమ్మా,” అని ఆవిడ నవ్వింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని ఉంది. గిన్నె తీసుకుని లోపల చూసింది, ఎవరో తోమి పెట్టారు.

“డబ్బా ఉందా?”

“ఉంది.”

“నా బల్ల దగ్గర ఎవరు?”

“కొత్తావిడ. స్టూలు గెలుస్తోందట.”

అమ్మ గిన్నెకి మూత పెట్టి పక్కకి జరిపింది. “చెప్పావా?”

“చెప్పాను. నవ్వింది.”

“నేనూ నవ్వేదాన్ని,” అంది అమ్మ. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి జరిపి, కాలు నా ముందుకి తోసింది. “నొక్కి చూడు.”

నొక్కాను. సొట్ట పడింది, ఇదివరకంత లోతు లేదు. పూడేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.