కిర్రు లేని నడక

కోటవీధి వెనక సందులో జనం కనకరత్నం మోకాళ్ళ చప్పుడుకి నిద్ర లేచేవాళ్ళు. ఆవిడ చీపురు అందుకోవడానికి వంగగానే కిర్రుమనేది. కళ్ళాపి చల్లడానికి నడుం వంచితే ఇంకోసారి కిర్రుమనేది. ఎదురింటి మెహరున్నీసా అది విని పొయ్యి వెలిగించుకునేది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు, కనకమ్మ వస్తోంది జరగండని బిందెలు పక్కకి లాక్కునేవాళ్ళు. మనిషి కిర్రుమనడమేమిటని అడిగినవాళ్ళు లేరు. ఒంట్లో జిడ్డు అయిపోతే ఎవరైనా కిర్రుమంటారు. హార్బరు పక్కన కాపురముండి ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

జిడ్డు ఎలా అయిపోయిందో చెప్పాలంటే ఆవిడ మొగుడి సంగతి చెప్పాలి. చెబుతుంటేనే ఒళ్ళు మండుతుంది. గవర్రాజుది పోర్టులో క్రేన్లకి గ్రీజు పెట్టే పని. పొద్దున్నే డబ్బా పట్టుకుని మెట్లెక్కితే, పళ్ళచక్రాలకీ బేరింగులకీ చేతినిండా గ్రీజు మెత్తి సాయంత్రానికి దిగేవాడు. ఏ క్రేను కాస్త మూలిగినా బెర్తు ఆ చివర్నుంచి విని పరిగెత్తేవాడు. అంత మంచి చెవులు. ఇంటి గుమ్మం దాటి లోపలికొస్తే ఆ చెవులు పనిచేసేవి కావు.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయనకి అన్నం మీద నెయ్యి తేలాలి, కూరలో నూనె ఓడాలి. లేకపోతే కంచం వెళ్ళి గోడకి తగిలేది. పంతొమ్మిది వందల ఎనభై రెండో సంవత్సరం ఎండల్లో క్రేను మెట్ల మీదే గుండె పట్టుకుని కూలబడ్డాడు. నెయ్యి, వేపుళ్ళు, మాంసంలో కొవ్వు మానెయ్యమన్నాడు డాక్టరు. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా కనకరత్నం వంక అదోలా చూశారు. నూనె పోసి పోసి బంగారంలాంటి మనిషిని మంచం ఎక్కించిందన్నారు. కంచాలు ఎందుకు ఎగిరేవో చెప్పాల్సిన మనిషి ఆస్పత్రి కప్పు చూస్తూ పడుకున్నాడు.

ఆ భయంలో కనకరత్నం బురుజుపేట వెళ్ళి అమ్మవారి ముందు మొక్కుకుంది. ఆయన గుండె నిలబెడితే ఇంటిల్లిపాదీ నెయ్యీ నూనే ముట్టబోమంది. ఆయన ఒక్కడి పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ఇళ్ళలో మొక్కంటే ఇల్లు మొత్తానిది. పెద్దాయన తిననిది మిగతావాళ్ళు తింటే మొక్కు తప్పినట్టే. మొక్కు తప్పితే ఆ గుండె ఆగిపోతుంది. ఉరితాడు తనే పేని తన మెడకే తగిలించుకుంది పిచ్చిది.

గవర్రాజుకి ఆ మొక్కు భలే నచ్చింది. నూనె డబ్బా, నేతి గిన్నె, కొబ్బరి చిప్పలు తనే తీసుకెళ్ళి సందులో పంచేశాడు. కవ్వళ్ళ చేపల్లో కొవ్వుంటుందని చేపలమ్మే మనిషిని గుమ్మంలోంచే పంపేసేవాడు. ఉడకబెట్టిన ఆనపకాయ, చారు, మీగడ తీసేసిన మజ్జిగ, అంతే. వానలు పడేసరికి కనకరత్నం మోకాళ్ళు కిర్రుమన్నాయి. తర్వాత మణికట్లు. అట్లపెనం తుడిచిన గుడ్డ నాకి బతికే పిల్లి కూడా గోడ దూకినప్పుడల్లా కిర్రుమనేది.

అలాంటి ఇంటికి కూతురు చిలకమ్మ పురిటికొచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. ఏ ఇంట్లోనైనా బాలింతకి పాలసొర చేప తెచ్చి పిట్టు చేసి పెడతారు, వేడన్నంలో నెయ్యి వేస్తారు. చిలకమ్మకి పుట్టింట్లో చారన్నం. కొన్నాళ్ళకే బిడ్డని రొమ్ముకెత్తుకుంటే ఆ పిల్ల భుజం కిర్రుమనడం మొదలెట్టింది. పాలు పడటం తగ్గింది. పిల్లాడు ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి ఓపిక లేక ఊరుకునేవాడు. చంటిపిల్లల ఆస్పత్రిలో డాక్టరమ్మ వాణ్ణి తూచి మొహం చిట్లించింది. తల్లికి కడుపునిండా నెయ్యి, పప్పులు, చేపలు పెట్టమంది. ఇలాగే ఎండబెడితే బిడ్డ దక్కడని మొహం మీదే చెప్పింది.

మెహరున్నీసా మొగుడు నజీరుకి పూర్ణా మార్కెట్లో నేతి అంగడి ఉంది. వాము, బెల్లం, జీడిపప్పు నేతిలో కాచి, వాళ్ళింట బాలింతలకి పెట్టే హల్వా ఒక గిన్నెడు పట్టుకుని ఆవిడ సాయంత్రం వచ్చింది. గవర్రాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కొవ్వు మడిసిని సంపేత్తదమ్మా. నాను సచ్చి బతికినోణ్ణి, నాకు తెల్దేటి?"

"మీకు చెడ్డదే అన్నా, కాదన్ను," అంది మెహరున్నీసా. "పాలిచ్చే పిల్లకేం చెడ్డ?"

ఇంటి మీద మొక్కుందన్నాడు. గిన్నె మీద మూత కూడా తియ్యనివ్వకుండా వెనక్కి పంపేశాడు. తలుపు వెనక కనకరత్నం పళ్ళు బిగబట్టి నిలబడింది. చెయ్యి చాపి ఆ గిన్నె అందుకుంటే? అందుకున్న రాత్రే ఈయన గుండె ఆగితే? ఈ పక్క మనవడి ప్రాణం, ఆ పక్క మొగుడి ప్రాణం. అమ్మవారి మీద కోపం వచ్చింది, డాక్టరు మీద వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా నోరు జారిన తన మీదే వచ్చింది.

పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసే రోజు వచ్చింది. గాజువాక నుంచి అల్లుడు ఎల్లారావు తల్లిని తీసుకుని వచ్చాడు. స్టీల్ ప్లాంటు కడుతున్న చోట వెల్డరు అతను. సందులో ఆడవాళ్ళంతా వచ్చారు. పోర్టు గేటు దగ్గర బజ్జీల బండి పెట్టే పోతమ్మ కూడా వచ్చి గోడవార కూర్చుంది. పాట అందుకున్నారు. కనకరత్నం ఉయ్యాల మీదకి వంగి మనవడి గుప్పిట్లో వేలు పెట్టబోయింది. వాడు గుప్పిట విప్పాడు.

కిర్రుమంది. చీమ తలుపు తీసుకున్నంత చిన్న చప్పుడు.

పాట ఆగలేదు. ఆ ఇంట్లో అందరూ కిర్రుమనేవాళ్ళే, పిల్లాడూ అంతే అనుకున్నారు. కనకరత్నం చెయ్యి మాత్రం ఉయ్యాల మీద అలాగే ఉండిపోయింది. అప్పుడు గవర్రాజు అరుగు మీంచి లేచి, హాలు దాటి వచ్చి, నడుం వంచి పిల్లాడి మీద అక్షింతలు వేసి మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

చప్పుడు లేదు.

ఆవిడకి అప్పుడు తట్టింది. ఇన్ని నెలల్లో తన చప్పుడు వింది, కూతురి చప్పుడు వింది, పిల్లి చప్పుడు వింది. ఈ మనిషి చప్పుడు ఒక్కనాడూ వినలేదు. తినేది ఒకే కుండలో కూడు కదా. గట్టి ఒళ్ళు కాబోలు, పాపం ఓర్చుకుంటున్నాడు కాబోలు అనుకుంది. పాపం అనుకున్నందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

"మావా," అంది. "ఓపాలి గుమ్మం దాకా నడిసి రా."

"ఏటే, ఇప్పుడా?"

"నడువు."

పాట ఆగింది. గవర్రాజు నడిచాడు. వెళ్ళాడు, వచ్చాడు. పీట వేసి కూర్చోమంది, కూర్చున్నాడు. లెగమంది, లేచాడు. అప్పుడే గ్రీజు పెట్టిన క్రేనులా మెత్తగా, సాఫీగా లేచాడు. వింటున్నవాళ్ళందరికీ విషయం అర్థమైంది. పోతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కనకరత్నం ఆవిడ వైపు తిరిగేసరికి దాచలేక చెప్పేసింది. రోజూ వస్తాడట. బజ్జీలు, పకోడీలు, పక్క బండిలో కోడి వేపుడు. డాక్టరు ఒప్పుకున్నాడని తనతో చెప్పాడట.

గవర్రాజు తల దించుకున్నాడు. "ఆకలికి తట్టుకోలేపోనాను, కనకం."

"పిల్లోడు తట్టుకున్నాడు," అంది కనకరత్నం.

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే గవర్రాజుకి కాస్త తేలిగ్గా ఉండేది.

"మొక్కు నువ్వెప్పుడో తప్పేవు. అయినా నీ గుండె ఆడతానే ఉంది. అమ్మోరేటీ అడగలేదు మావా. అడిగింది నువ్వు. డాక్టరు నీకు సెప్పిన మాట తెచ్చి బాలింత కంచంలో ఏసేవు. నువ్వు మాత్రం గేటు కాడ మూతి తుడుసుకుని వచ్చేవు."

మెహరున్నీసా లేచి నిలబడేసరికి కనకరత్నం సందు దాటి వాళ్ళింటి గుమ్మం ఎక్కేసింది. వెళ్ళిన ప్రతి అడుగూ, తిరిగొచ్చిన ప్రతి అడుగూ సందంతా వినిపించింది. నేతి గిన్నె తెచ్చి, చుట్టాలందరి ముందూ వేడన్నం కలిపి, చిలకమ్మ నోట్లో తనే ముద్దలు పెట్టింది. ఆ పిల్ల ఏడుస్తూ తింది. తర్వాత కనకరత్నం తనకీ ఒక కంచం పెట్టుకుని నెయ్యి వేసుకుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో మొగుడికన్నా ముందు ఆవిడ అన్నం తినడం అదే మొదలు. ఎల్లారావు తల్లి ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి మానేసింది.

గవర్రాజుకి చారన్నం పెట్టింది. "డాక్టరు మాట నీ ఒక్కడికే. ఇంక అది నాను సూసుకుంటాను."

చూసుకుంది కూడా. మర్నాటి నుంచి కేరేజీ తనే పట్టుకుని పోర్టు గేటు దగ్గరికెళ్ళి, అతను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చునేది. పోతమ్మ అతనికి అమ్మడం మానేసింది. కొన్నాళ్ళకి క్రేను మీద ఎక్కడో కిర్రుమంటోందని తోటివాళ్ళు గ్రీజు డబ్బాలతో పైకెక్కి బేరింగులన్నీ వెతికారు. చివరికి అది గవర్రాజు అని తేలింది. అక్కడి నుంచి అతనికి దొంగతిండికి దారే లేకుండా పోయింది. ఏ బండి దగ్గరికి వెళ్ళినా అతని చప్పుడు ముందే వెళ్ళేది, మూకుళ్ళ మీద మూతలు పడేవి. గుండె భేషుగ్గా ఉందనీ, ఇంటావిడ చేతి చలవ అనీ డాక్టరు మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకి కనకరత్నం నవ్వలేదు.

చిలకమ్మ అత్తారింటికి బయల్దేరేనాటికి పిల్లాడి బుగ్గలు నిండి జారుతున్నాయి. కనకరత్నం వాడి వేళ్ళు ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని విప్పి చూసింది. ఏమీ వినపడలేదు. అప్పుడు గానీ ఆటో ఎక్కనివ్వలేదు.

ఆ సాయంత్రం గవర్రాజు కిర్రుకిర్రుమంటూ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. మోకాళ్ళు చేతుల్తో పట్టుకుని లోపలికి చూశాడు.

"ఒలే కనకం, కూసింత నూనె రాయవే. పైన రాత్తే తప్పు లేదంట."

కనకరత్నం వచ్చింది. మంచం కిందనుంచి అతని గ్రీజు డబ్బా లాగి, తెచ్చి ముందు పెట్టింది.

"రాసుకో. నీకు సేతనైన పనే గదా."

అని వెనక్కి తిరిగింది. ఆమె ఎప్పుడు లోపలికి వెళ్ళిపోయిందో గవర్రాజుకి తెలియలేదు. ఆమె అడుగుల చప్పుడు వినపడలేదు.