మూడో గాజుపలక

ఆదివారం సెలవు రోజున ల్యాబులో మనిషి అలికిడి ఉండదని విన్నప్పటి నుంచీ తల్లి గుండెల్లో రాయి పడింది. అసలే కరెంటుతో పని. పిల్ల కింద పడిపోతే చూసే దిక్కుండదు. టిఫిన్ డబ్బా వంకతో కూతురి వెంట తనూ వెళ్లి, ఓ మూల స్టూలు మీద కూర్చుంది.

కూతురు రబ్బరు తొడుగులు వేసుకుని, వేలెడంత గాజుపలకలు నాలుగు వరసగా పేర్చింది. వాటి మీద ఏమీ కనిపించలేదు.

“పొర ఉందమ్మా. వెంట్రుకలో వెయ్యో వంతు మందం. కొమ్మలు కొమ్మలుగా చీలే అణువులు. రేపు వీటిలోంచి కరెంటు ఎంత పారుతుందో చూస్తాం.”

“షాకు కొడుతుందా?”

“నీకు అన్నిటికీ షాకే. కూర్చో, మంచినీళ్లు తెస్తా.”

కూతురు తొడుగులు విప్పి బయటికి వెళ్లింది. తల్లి చూపు ఆ తొడుగుల మీదే నిలిచింది. షాకు కొట్టకపోతే ఇవెందుకు? తను కంగారు పడుతుందని పిల్ల దాస్తోంది. అయ్యేదేదో ముందు నాకే కానీ అనుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మూడో పలక మీద బొటనవేలు ఆనించింది. ఏమీ కాలేదు. ఊపిరి పీల్చుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది.

మర్నాడు సాయంత్రం కూతురు గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది. మూడో పలకలోంచి కరెంటు మిగతావాటికి వంద రెట్లు పారిందట. గురువారం ల్యాబులో అందరి ముందూ చెప్పమన్నాడట వాళ్ల సారు.

“దానికొక్కదానికే ఏమొచ్చిందే?” తల్లి అడిగింది.

“అదే తెలీట్లేదు. చెయ్యి తగిలితే అలా అవుతుంది, చెమటలో ఉప్పు ఉంటుందిగా. అందుకే కదా తొడుగులు. కానీ నా చెయ్యి పడలేదు.”

తొడుగులు పిల్ల కోసం కాదు, గాజు కోసం. తల్లికి తల కొట్టేసినట్టయింది. చెప్పేద్దామని నోరు తెరిచి, “కూర చల్లారిపోతోంది, తిను” అంది.

మూడు రోజులు కూతురి మొహం చూడలేకపోయింది. పిల్ల దొంగ లెక్కలు రాసిందంటారు, చదువు మాన్పిస్తారు, ఇంకెక్కడా చేర్చుకోరు. ఆ పై ఊహించడానికే భయమేసేది.

గురువారం కూతురు బోర్డు మీద నాలుగు అంకెలు వేసి నోరు విప్పబోతుండగా, తల్లి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“సార్, ఆ మూడోదాని మీద వేలు పెట్టింది నేను. మా అమ్మాయికి తెలీదు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు మాత్రం నవ్వలేదు. పలకను మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఆమె వేలి గీతలు తెర మీద గోడంత పెద్దవై పరుచుకున్నాయి. పదిమంది తలలెత్తి చూశారు. నేల చీలితే బావుండుననిపించింది ఆమెకు.

“సోమవారమే ఎందుకు చెప్పలేదమ్మా?” కూతురు మెల్లగా అడిగింది.

“నువ్వు అంత నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.”

కూతురు డస్టర్ తీసుకుంది. మూడో అంకె తుడిచేసి, అందరి వైపూ తిరిగింది.

“మిగతా మూడింటి గురించి చెబుతాను.”

వెళ్లాలో ఉండాలో తెలియక, తల్లి గుమ్మంలోనే తల వంచుకుని నిలబడింది.