సైలెన్సర్ మీద దిష్టిచుక్క

నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు మొదట్లో పెయింటర్ సంజీవయ్యకు ఒక రేకుల షెడ్డు ఉండేది. మోటారు బండ్లకు రంగు వేయడంలో అతని తర్వాతే ఎవరైనా అని ఆత్మకూరు నుంచి రుద్రవరం దాకా చెప్పుకునేవారు. చెప్పుకునేవాళ్లలో మొదటివాడు సంజీవయ్యే.

అలాంటి మనిషికి పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదో సంవత్సరంలో రెండు కళ్లకూ పొర కమ్మింది. బండి కనిపించేది, తలుపు కనిపించేది, తలుపు పిడి మాత్రం పొగలో ఉన్నట్టుండేది. ఈ సంగతి భార్య గోవిందమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు. కర్నూలు పెద్దాసుపత్రిలో పొర తీస్తారు, పోదాం పద అని ఆమె నెత్తీనోరూ కొట్టుకునేది. అతను వినేవాడు కాదు. పెయింటర్‌కు కళ్లు పోయాయన్న మాట ఒక్కసారి బస్టాండు దాటితే చాలు, షెడ్డు ముందు ఇక సైకిలు కూడా ఆగదని అతని భయం. చూపు పోతుందన్న భయం దానిముందు ఎంత!

అయినా చెయ్యికి అలవాటుంది. స్ప్రే గన్ను ఎంత దూరంలో పట్టాలో, ఎక్కడ తిప్పాలో చెయ్యే చూసుకునేది. పని ఎలా వచ్చిందో బొటనవేలు చెప్పేది. తళతళలాడే క్రోము మీద రంగు తుంపర పడితే వేలికి సన్న ఇసుకలా తగులుతుంది. తుడిచేశాక వేలు జారిపోతుంది. ఇంతమాత్రానికి కళ్లెందుకని అతను గోవిందమ్మతో వాదించేవాడు.

ఆళ్లగడ్డలో పెద్ద సేద్యగాడు ఆదినారాయణరెడ్డి తన అంబాసడర్‌కు నల్లరంగు వేయించాడు. సంజీవయ్య రంగు పడకుండా అద్దాలకూ బంపర్లకూ గంజి పూసిన పాత పేపర్లు అంటించాడు గానీ, వెనక బంపరు కింద చీకట్లో ఉన్న సైలెన్సర్ కొనను మరిచాడు. దానికి రెడ్డి మద్రాసు నుంచి తెప్పించి తొడిగించిన క్రోము గొట్టం ఉంది. గన్ను తుంపరంతా దాని మీద కూర్చుంది. బండి ఆళ్లగడ్డ చేరేలోగా గొట్టంలోంచి వచ్చే పొగ వేడికి రంగు ఉడికి గట్టిపడింది.

వారం తిరక్కుండానే రెడ్డి వచ్చి, షెడ్డులో నలుగురూ ఉండగా ఆ మరకలేమిటని అడిగాడు. సంజీవయ్యకు తేలు కుట్టిన దొంగ పరిస్థితి. అయితే నోరు మాత్రం ఎప్పుడూ అతనికంటే రెండడుగులు ముందుండేది.

"దిష్టికి పెట్టినాలేప్పా. నల్లగా నిగనిగలాడతాండే బండి, చుక్క లేకుంటే ఎట్ల?" అన్నాడు.

రెడ్డి మెచ్చుకుని వెళ్లాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. సంజీవయ్య అడుసు తొక్కి, అది పారాణి అని నమ్మించాడు.

రెడ్డి నమ్మాడు గానీ, ఇంట్లో ఆయన తల్లి సరస్వతమ్మ ఉంది. దిష్టిచుక్క ఎవరికైనా ఒకటే పెడతారు, మొహమంతా మసి పూస్తారా అని ఆమె కొడుకును నిలదీసింది. మరునాడు తానే బండెక్కి కొడుకుతో నంద్యాల వచ్చింది. వెనక సీట్లో కూర్చునే హుకుం జారీ చేసింది. మరకలన్నీ తీసేయాలి, ఒక్క చుక్క మాత్రం ఉంచాలి.

సంజీవయ్య చిక్కులో పడ్డాడు. అంతా తీసేయమంటే వేలు చాలు. ఒక్కటి ఉంచి మిగతావి తీయాలంటే చూడాలి. చూడలేనని చెబితే అన్నీ బయటపడతాయి. అన్నం క్యారియర్ పట్టుకుని అప్పుడే వచ్చిన గోవిందమ్మ గోడవారగా నిలబడిపోయింది. రెడ్డి నడుం మీద చేతులు పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

గోనెసంచి పరిచి సంజీవయ్య బండి వెనక చతికిలబడ్డాడు. ఉడికిన రంగు ఉత్త థిన్నరుకు లొంగదు, పైగా అది బంపరు పక్క కొత్తరంగు మీద కారితే మొదటికే మోసం. అందుకని జల్లించిన బూడిదను కిరసనాయిలుతో కలిపి మెత్తటి గుడ్డకు అద్దుకున్నాడు. గొట్టమంతా తడిమి, అన్నిటికంటే గరుకుగా తగిలిన చోట ఎడమ బొటనవేలు గట్టిగా అదిమాడు. వేలు కింద చుక్క భద్రం. కుడిచేత్తో చుట్టూ రుద్దడం మొదలుపెట్టాడు. గోవిందమ్మ ఇంట్లో రాగిచెంబులు కూడా అంత ఓపిగ్గా తోమి ఉండదు. ఇసుక తగలడం ఆగి గుడ్డ జారిపోయేదాకా రుద్ది, పొడిబట్టతో తుడిచి, అప్పుడు బొటనవేలు తీశాడు.

"ఇంగ సూడప్పా. ఈడ ఒక్కటే ఉండాది" అని వేలితో చూపించాడు.

రెడ్డి వంగి చూశాడు. కారులోంచి సరస్వతమ్మ ఎట్లుందని అడిగింది.

"బాగ కుదిరిందిమ్మా" అన్నాడు రెడ్డి.

ఆయన సంజీవయ్య భుజం మీద చెయ్యి వేసి, జాగ్రత్తప్పా అని చెప్పి బండెక్కాడు. అంబాసడర్ ఆళ్లగడ్డ దిక్కుగా వెళ్లిపోయింది. సంజీవయ్యకు ఒళ్లంతా తేలికైంది. ఇంత సంతోషం అతనికి ఈమధ్య కలగలేదు. క్యారియర్ అందుకుంటూ భార్యను ఆటపట్టించాడు, కర్నూలు డాక్టర్లను నా వేలికి పని నేర్పమందామా అని.

"చుక్క లేదు" అంది గోవిందమ్మ.

అతను నవ్వాడు. రెడ్డి కళ్లారా చూసి చెప్పాడు కదా, నువ్వు అంత దూరం నుంచి ఏం చూశావన్నాడు.

"నీ వేలు కింద ఉండింది దోవలో అంటిన మట్టి. కిరసనాయిలుకు నాని అదీ నీ వేలికే అంటుకోని పాయ. పైపంతా అద్దం మాదిరి ఉండాది. రెడ్డి ముందు పైపును సూసినాడు, మళ్ల నిన్ను సూసినాడు. అప్పుడు చెప్పినాడు ఆ మాట."

సంజీవయ్య గోనెసంచి మీదే కూర్చుండిపోయాడు. నలుగురిలో తను ఆడిన అబద్ధానికి అతనికి ఏనాడూ సిగ్గు వేయలేదు. తన పరువు కోసం రెడ్డి సొంత తల్లితో ఆడిన అబద్ధానికి మాత్రం తల ఎత్తలేకపోయాడు. క్యారియర్ మూత తీయలేదు. చాలాసేపటి తర్వాత చెయ్యి చాపి గోవిందమ్మ చేతిని వెతుక్కున్నాడు.

"కర్నూలు బస్సు ఎప్పుడుండాదో కనుక్కో" అన్నాడు.