కోడళ్ళు కలిపే సున్నం

కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు వెంకటరమణమ్మ నా చేతిలో పెట్టిన మొదటి వస్తువు సున్నం కలిపే సరుగుడు కర్ర. అదే నా పెట్టుబడి. ఏలూరులో కాలవ పక్కనున్న మా మండువా లోగిలికి నూరేళ్ళు దాటాయి. ఏటా ఎండలు ముదరకముందే కొల్లేటి గుల్లలు కాల్చి చేసిన సున్నాన్ని పెరటి గాబులో నానబెట్టి, కోడళ్ళే కలిపి, కోడళ్ళే గోడలకు వెయ్యాలి. బయటివాళ్ళ చెయ్యి పడితే గోడ నిలవదని ఈ ఇంటి ఆచారం. అది పెట్టిన ముత్తాతగారు గట్టి వ్యాపారి అయ్యుండాలి. నీళ్ళు పడగానే సున్నం కుతకుతలాడేది. నా వేళ్ళు పగిలి, అన్నంలో ఆవకాయ కలుపుకుంటే ప్రాణం పోయేది. "స్పూనుతో తినొచ్చుగా," అనేవారు మా ఆయన ఫణీంద్ర, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆ పనే నాకు బేరం నేర్పింది. మా గోడల తెలుపు చూసి ఇరుగుపొరుగు సున్నం అడిగారు. గాబులో మిగిలింది అమ్మాను. తర్వాత పవర్‌పేటలో రంగుల కొట్టు పెట్టాను. "నాలుగు రోజుల సరదాలే," అన్నాడు మా మరిది మణికంఠ. ఇప్పుడు తాడేపల్లిగూడెం నుంచి కూడా మేస్త్రీలు నా కొట్టుకే వస్తారు.

మొన్న గురువారం నేను కొట్టుకి బయల్దేరుతుంటే అత్తగారు ఆపి, తన బొడ్లోంచి తాళాలగుత్తి తీసి నా కొంగుకి ముడేశారు. "ఇక ఈ ఇంటి మహాలక్ష్మివి నువ్వేనమ్మా." నా కళ్ళేమీ చెమర్చలేదు. అడక్కుండా ధర తగ్గించేవాడి బస్తా అడుగున తడి ఉంటుంది. పంచదార డబ్బా ఉన్న అలమరకి కూడా ఇన్నేళ్ళూ తాళం వేసిన మనిషి ఆవిడ. సాయంత్రం మా ఆయన పూతరేకులు తెచ్చారు. మర్నాడు మణికంఠ కొట్టుకొచ్చి, ఏ రంగు బాగా పోతుంది, మేస్త్రీలెవరు నమ్మకస్తులు అని ఆరా తీశాడు.

"ఏంటయ్యా, కొనేవాడిలా చూస్తున్నావు?"

"ఊరికే వదినా."

మా ఇంట్లో మగవాళ్ళు ఊరికే ఏదీ అడగరు.

ఆదివారం పాత ఇళ్ళను కాపాడే సంస్థ తరఫున గీతాంజలిగారు వచ్చారు. వాళ్ళు ఇల్లు బాగుచేయించడానికి సాయం చేస్తారట, గుమ్మం పక్కన ఫలకం పెడతారట. ఆవిడ గోడ నిమిరి చూస్తుంటే, "నాలుగు తరాలుగా మా వంశం కంటికి రెప్పలా కాపాడుకొస్తోందండీ," అన్నారు మా ఆయన. నేను కాఫీలు పట్టుకొచ్చాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ముందు మీకు థాంక్స్ చెప్పాలండీ. ఇంటిపట్టున ఒక మనిషి ఉంటేనే మేం సాయం చేస్తాం. మీరు కొట్టు మరిదిగారికి అప్పగించి ఇంట్లోనే ఉంటానన్నారట. ఎంత పెద్ద మనసండీ!"

మా ఆయన కాఫీ కప్పులోకి చూసుకున్నారు. మణికంఠ దూలాలు చూశాడు. బస్తా అడుగున తడి కనబడింది.

కొంగు ముడి విప్పి తాళాలు పక్కనే కూర్చున్న అత్తగారి ఒళ్ళో పెట్టి, గీతాంజలిగారి వైపు తిరిగాను. "ఆ మాట నేనన్లేదండీ. కొట్టు నాది, నేనే నడుపుకుంటాను. ఇల్లు నిలవాలని నాకూ ఉంది. ఇంటిపట్టున ఉండడానికంటారా, ఈయన ఎలాగూ రిటైరయ్యారు, మరిదిగారు ఖాళీయే. సున్నం మాత్రం ఇకనుంచి నా కొట్టు నుంచి వస్తుంది, నా పనివాళ్ళు వేస్తారు. ఊళ్ళో అందరికీ ఏ ధరో మా ఇంటికీ అదే."

"బయటివాళ్ళ చెయ్యి పడితే గోడ నిలవదు దుర్గా," అన్నారు మా ఆయన.

"ఏవండీ, నన్ను పరాయింటి పిల్ల అనేగా మీరంతా అన్నది? నా చెయ్యి పడ్డ గోడ ఇన్నేళ్ళూ నిలిచిందిగా?"

అత్తగారు తాళాలు ముట్టుకోలేదు. ఒకప్పుడు సున్నానికి పగిలిన తన అరచేతులు తిప్పి చూసుకున్నారు. తర్వాత కొడుకుతో, "ఫణీ, గాబు దగ్గర కర్ర ఉంది. కూలివాళ్ళొచ్చేదాకా ఈ ఏటి సున్నం నువ్వు కలుపు," అన్నారు.

తాళాలు పోయాయి, కర్ర చెయ్యి మారింది, కొట్టు మిగిలింది. మర్నాడు అత్తగారు కొట్టుకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఎందుకొచ్చారా అని అనుమానంగా చూశాను.

"మరి నా కోడలికంలో నేను కలిపిన దానికి కూలి ఎవరిస్తారే?" అన్నారు.

ఆవిణ్ణి లాభం పద్దులో వేసుకున్నాను.