బిరడా మామయ్య మూసిన కాలువ

నీళ్ళు కారే చప్పుడు వింటే ఆయనకు కాలు నిలవదు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే చెవి వంటింటి కుళాయి వైపు పోతుంది. అది కారుతోందా, ఇక పలకరింపులు, భోజనం అన్నీ తర్వాతే. జేబులోంచి దారమూ మైనమూ తీసి దాని పని పట్టాల్సిందే. అందుకే చుట్టాలంతా కలిసి ఆయనకు బిరడా అని పేరు పెట్టారు. చిన్నవాళ్ళు కాస్త మర్యాద చేర్చి బిరడా మామయ్య అంటారు. ఆ పేరుకు ఆయన కోప్పడడు సరికదా, లోలోపల మురిసిపోతాడు.

వృత్తికి తాపీమేస్త్రీ. వయసు మీదపడ్డాక ఊరి పైనున్న చిన్న మట్టికట్టకు కాపలా పని దొరికింది. ఆ కట్ట వయసు ఆయనకన్నా ఎక్కువ. ఎవరు కట్టారో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. దాని వెనక నిలిచిన నీళ్ళే ఎండాకాలమంతా ఊరికి దిక్కు. కట్టకు సరిగ్గా కింద ఆయన కూతురి ఇల్లు ఉంది. ముందు గదిలో ఇస్త్రీ దుకాణం, వెనక పెరట్లో ఉతుకుడు బండలు, మధ్య గదుల్లో కాపురం. ఆ ఇల్లు కట్టింది కూడా ఆయనే. స్థలం చవగ్గా వచ్చింది, నీళ్ళు పక్కనే ఉన్నాయి, కూతురు కళ్ళెదుటే ఉంటుంది, ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాడు.

ఒక్కటే ఇబ్బంది. కట్ట అడుగున, పెరటి గోడ పక్కనే, పాతకాలంవాళ్ళు పేర్చిన రాళ్ళ కాలువ ఒకటుంది. ఏడాది పొడుగునా అందులోంచి సన్నగా నీరు కారి పెరడంతా చిత్తడిగా ఉండేది. "ఆరేసిన దుప్పటి జారిపడితే మళ్ళీ మొదట్నించీ ఉతుక్కోవాలి నాన్నా, ప్రాణం విసిగిపోతోంది" అంది కూతురు ఒకరోజు. బిరడా మామయ్యకు ఆ మాత్రం చెవిన పడితే చాలదూ? రాళ్ళ సందుల్లో బంకమట్టి కూరాడు. పైన సిమెంటు పూసి, అద్దంలా నున్నగా మెత్తాడు. కొద్దిరోజుల్లో పెరడు ఎండిపోయింది. ఆ తర్వాత ఆ దారిన పోయేవాళ్ళను ఆయన ఊరికే వదిలితే ఒట్టు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి మరీ చూపించాడు.

ఆయన అసలు ఎవరి మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడో ఆ మనిషి మాత్రం మరుసటి ఏడు జీపులో వచ్చింది. ఆమె ఆయన మేనకోడలు. పాత కట్టలు పదిలంగా ఉన్నాయో లేదో చూసే ఇంజనీరు. చిన్నప్పుడు సెలవులన్నీ ఈ మామయ్య ఇంట్లోనే గడిపిన పిల్ల.

"కట్ట సంగతి తర్వాత. ముందు ఇటు రావే" అంటూ ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళాడు. సిమెంటును అరచేత్తో నిమిరి, "చుక్క కూడా బయటికి రావడం లేదు. ఎలా ఉంది?" అన్నాడు.

మేనకోడలు మెచ్చుకోలేదు. వంగి, పొడిగా ఉన్న నేలను వేళ్ళతో తాకి చూసింది.

"ఇందులోంచి వచ్చే నీళ్ళు ఎటు పోయాయి మామయ్యా?"

"ఎటు పోతాయి? ఆగిపోయాయి."

ఆమె కట్ట వాలు ఎక్కసాగింది. ఆయనా గొణుక్కుంటూ వెనకే ఎక్కాడు. సగం దూరంలో, చుట్టూ గడ్డి ఎండిపోయి ఉంటే ఒక్కచోట మాత్రం పచ్చగా, ఒత్తుగా ఉంది. ఆ పచ్చదనం ఆయన ఎప్పుడో చూశాడు. ఈ ఏడు కట్టకు కళ వచ్చిందని సంబరపడ్డాడు కూడా. మేనకోడలు అక్కడ అడుగు వేసింది. బూటు చీలమండ దాకా దిగబడింది.

"మట్టికట్ట లోపల ఎప్పుడూ కాసిని నీళ్ళు నడుస్తూనే ఉంటాయి. అవి మట్టిని తోడుకుపోకుండా బయటపడాలనే కింద రాళ్ళు పేర్చారు. నువ్వు గుమ్మం మూసేశావు మామయ్యా. అవి పైకెక్కి ఇక్కడ దారి వెతుక్కుంటున్నాయి."

ఆయన మొహం మాడిపోయింది. "నిన్నగాక మొన్న నా భుజాలెక్కి ఆడుకున్నదానివి, నాకు పాఠం చెబుతున్నావా? నేను మూసిన చోట మళ్ళీ కారడమన్నది లేదు, తెలుసా?"

"తెలుసు. అదే నా భయం."

ఇంకా ఏదో అనబోయి ఆయన కిందికి చూశాడు. పెరట్లో తీగల మీద తెల్ల దుప్పట్లు ఆరుతున్నాయి. వాటి మధ్య కూతురు నోట్లో క్లిప్పు పెట్టుకుని ఇంకో దుప్పటి దులుపుతోంది. కట్ట వెనక నిలిచిన నీళ్ళకూ ఆమెకూ మధ్య ఈ తడిసిన మట్టి తప్ప ఇంకేమీ లేదు. జీవితంలో మొదటిసారి తన చేతిపనంటే ఆయనకు భయం వేసింది.

ముందు ఇల్లు ఖాళీ చేయించారు. "ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ నా దగ్గరున్నాయి వదినా, రేపు వాళ్ళు ఏం కట్టుకు తిరుగుతారు?" అని కూతురు నెత్తి కొట్టుకుంది. మూటలన్నీ ఇంజనీరమ్మ జీపులోకే ఎక్కాయి. ఇంటికి తాళం పడ్డాక బిరడా మామయ్య గునపం పట్టుకొచ్చాడు.

"పూసింది నేను. తీసేదీ నేనే."

"చివరి రాయి దగ్గర మాత్రమే. కొంచెం కొంచెంగా" అంది మేనకోడలు.

సిమెంటు పెచ్చులు ఊడాయి. బంకమట్టి ముద్దలుగా వచ్చింది. చివరికి నీళ్ళు వచ్చాయి, చిక్కటి టీ రంగులో. మేనకోడలు ఒక గాజు గ్లాసు నింపి గోడ మీద పెట్టింది. "మొదట బురద రావడం మామూలే. తేటపడితే బతికిపోయినట్టే. పడకపోతే కట్ట లోపలి మట్టే కరిగి వస్తున్నట్టు."

కాసేపాగి ఇంకో గ్లాసు పట్టారు. మరి కాసేపాగి ఇంకొకటి. గోడ మీద గ్లాసులు వరసకట్టాయి. ఎండ వాటిలోంచి అవతలికి పడలేదు. చివరి గ్లాసు అడుగున కూడా గోరు మందాన మెత్తటి మట్టి పేరుకుంది. దాన్ని వేలితో తీసి నలిపి చూశాడాయన. మట్టి గురించి ఆయనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మేనకోడలు నోరు తెరవకముందే, "నీళ్ళు వదిలేద్దాం" అన్నాడు.

"సగానికి పైగా దించాలి మామయ్యా. ఎండాకాలం ముందుంది. ఊరు మనల్ని తిట్టిపోస్తుంది."

"తిట్టడానికి ఊరంటూ ఉండాలిగా! పద."

కట్ట నీళ్ళు వదిలే తూము చక్రం ఎంత తిప్పినా కదల్లేదు. కదలదు మరి. అక్కడ తడి కనిపిస్తోందని గ్రీజు పూసిన తాడు సందుల్లో కూరి బిగించింది ఈయనే కదా! మేనకోడలు ఆయన వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఆయన కూర్చుని, తాడు పోగు పోగూ పీకాడు. చక్రం మూలుగుతూ తిరిగింది.

"మెల్లగా" అంది ఆమె. "ఒక్కసారిగా దించితే లోపలి వాలు జారిపోతుంది."

కుళాయి కారితే కూర్చోలేని మనిషి, అంత నీరూ తూములోంచి వాగులో పడి పోతుంటే రోజుల తరబడి అక్కడే కూర్చుని విన్నాడు. మొదటి రోజు ఏడ్చాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు గానీ కూతురు చూసింది. వెళ్ళి పక్కన కూర్చుంది.

ఆ వేసవి ఊళ్ళో నీళ్ళు రోజు విడిచి రోజు ఇచ్చారు. బిరడా మామయ్యకు పడాల్సిన చీవాట్లన్నీ పడ్డాయి. అన్నీ తల వంచుకుని విన్నాడు. మేనకోడలు దగ్గరుండి ఇసుక, దానిమీద కంకర, దానిమీద రాళ్ళు వేయిస్తే, ఆమె చెప్పినట్టల్లా ఆయన తన చేతులతోనే కాలువను మళ్ళీ పేర్చాడు. సిమెంటు బస్తాను దగ్గరికి కూడా రానివ్వలేదు.

వానలు కురిశాయి. కట్ట వెనక నీళ్ళు మెల్లగా నిండాయి. రాళ్ళలోంచి సన్నగా ధార మొదలైంది. మేనకోడలు పట్టి చూపించిన గ్లాసులోంచి అవతలి గోడ ఇటుకలు తేటగా కనిపించాయి. వానలు వెనకబట్టాక వాలు మీది పచ్చిక తక్కిన గడ్డితో పాటే ఎండింది, దాని కింది నేల గట్టిపడింది. కూతురు తాళం తీసి ఇంట్లోకి వచ్చింది.

నాలుగు రోజులు కాకముందే, బురదైన దుప్పటి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నాన్నా, పెరడు మళ్ళీ చిత్తడి చిత్తడిగా ఉంది. ఏదో ఒకటి చెయ్యకూడదూ?"

ఆయన లేచి వచ్చి దుప్పటి అందుకున్నాడు. బండ మీద వేసి తానే ఉతకడం మొదలుపెట్టాడు.

"తడిగా ఉన్నన్నాళ్ళూ నిశ్చింతగా పడుకో అమ్మా. ఎండిన రోజున మాత్రం నన్ను లేపు."