నాగయ్య కాళ్లు తడవకుండా

పెద్ద పడవను పూజ చేసి నీళ్లలోకి దింపేలోపు ప్రియాంక చేయవలసిన పనులు ఇవి. అడుగుభాగానికి ఆఖరి పూత వేయించాలి. ఇంజన్ బోల్టులన్నీ ఇంకొకసారి బిగించి చూడాలి. నీళ్లు పీల్చే నోటికి జాలీ పెట్టించాలి. లైఫ్ జాకెట్లకు ఈలలు కట్టాలి. పటాన్‌చెరు నుంచి సింగూరు దాకా పడవను మోయడానికి డీసీఎం లారీ మాట్లాడాలి. గాలి బాగా ఉన్న రోజు చూసి ఒకసారి నడిపి చూడాలి. కొబ్బరికాయలు, నిమ్మకాయలు చిన్నాయన తెస్తాడు, ఆ గొడవ లేదు. నడిపి చూశాక ఇంకొకటి చేరింది, అన్నిటికంటే ముఖ్యం, పడవ దింపే రోజు అమ్మ ఒడ్డుకు రాకుండా చూడాలి.

అన్నీ అయ్యాయి. ఆ చివరిదొక్కటే కాలేదు.

ప్రియాంక ఆ ఇంట్లో డిగ్రీ పట్టా చేతబట్టిన మొదటి మనిషి. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఫైబర్ పడవలు, నీళ్ల ట్యాంకులు పోసే ఒక షెడ్డులో సూపర్‌వైజరు. పటేల్‌గూడలో కిరాయి గది. తండ్రి నాగయ్య సింగూరు డ్యాం ఒడ్డున ఉన్న తమ ఊళ్లో చేపల సొసైటీ పడవ నడిపేవాడు. మామూలు మోటారు పడవ కాదది, జెట్ పడవ. దానికి బయట ఫ్యాను ఉండదు. అడుగు నుంచి నీళ్లు పీల్చి, వెనక నుంచి జోరుగా చిమ్ముతుంది. ఆ తోపుతోనే ముందుకు పోతుంది, ఆ ధారను పక్కకు తిప్పితేనే మలుపు తిరుగుతుంది. వలలు పరిచిన నీళ్లలో ఫ్యానుకు వల చుట్టుకునే బాధ లేదని సొసైటీవాళ్లు అది కొన్నారు. చిక్కు ఒక్కటే. ఇంజన్ ఆగిందంటే పడవకు పోవడమూ లేదు, తిరగడమూ లేదు. అల ఎటు నెడితే అటే.

పైగా అది చిన్న పడవ. నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు బొంగరంలా తిరిగేది గానీ, డ్యాం నిండి పడమటి గాలి లేచిందంటే అల అలకూ ఎగిరి పడేది. ఇంజన్ డబ్బాకు గాలి ఆడటానికి రెండు పక్కలా కిటికీల్లాంటి కంతలున్నాయి. అల కొట్టినప్పుడల్లా వాటిలోంచి నీళ్లు దూకి నాగయ్య కాళ్ల కిందికి చేరేవి. పొద్దంతా నానీ నానీ కాలివేళ్ల సందులు ఒరిసిపోయేవి. భార్య ఆగమ్మ రాత్రిపూట వాటికి పసుపు, కొబ్బరినూనె రాసేది, రాస్తూ సొసైటీని తిట్టేది.

పోయిన వానాకాలం, గాలి లేచిన ఒక మధ్యాహ్నం, పుట్టిలో చిక్కుకున్న ఇద్దరు జాలరులను తేవడానికి నాగయ్య ఒక్కడే పోయాడు. వాళ్లిద్దరూ పుట్టిని ఎట్లాగో తిప్పకు చేర్చుకుని బతికారు. నాగయ్య రాలేదు. నడిమధ్యన ఇంజన్ ఆగి, పడవ అలకు అడ్డం తిరిగి బోర్లాపడింది. నీళ్లు పీల్చే నోటికి నాచు అడ్డుపడి ఉంటుందని అందరూ అన్నారు. ప్రియాంక కూడా అదే నమ్మింది. అందుకే సొసైటీవాళ్లు అలలకు తట్టుకునే పెద్ద జెట్ పడవ కావాలని తమ షెడ్డుకే వచ్చినప్పుడు, ఆ పని తనే మీద వేసుకుంది. పొడుగు పెంచింది. అల మీద పడేట్టు కాక అలను కోసేట్టు అడుగును కోణంగా దించింది. జాలీ రెండు వరసలు పెట్టించింది.

నాగయ్య పోయాక ఆగమ్మ కూతురి దగ్గరికే వచ్చింది. గదిలో కుట్టుమిషను పెట్టుకుని సంచులు కుట్టేది. సాయంత్రం దీపం పెట్టగానే ఫోను చేతికిచ్చి, "పెట్టు బిడ్డా," అనేది. ప్రియాంక పెట్టేది. ఆ చివరి రోజు పడవలోంచి నాగయ్య ఫోనులో రికార్డు చేసి పంపిన మాట అది. ముందు హోరుమని గాలి. తర్వాత దగ్గుతున్న ఇంజన్. ఆ మీద ఆయన గొంతు.

"బిడ్డా, గాలి లేసింది. ఇంజన్‌కు దమ్ము ఆడుతలేదు. కాళ్లైతే తడుస్తలేవు, మీ అమ్మకు చెప్పు."

అంతే. ఆగమ్మ ముఖం వెలిగేది. "సూసినవా, నేను కుట్టిచ్చిన పట్టను యాది జేసిండు." గాలికి కాళ్ల మీద కప్పుకోవడానికి అమ్మ ఏదో కుట్టి ఉంటుందని ప్రియాంక అనుకునేది. ఏం పట్ట అని అడగలేదు. అడిగే ఓపిక లేదు. ఆ దగ్గు షెడ్డులో కంప్రెసర్ ఆగేముందు వినబడేది. బొల్లారం పోయే కంపెనీ బస్సు ఎత్తు ఎక్కలేక మూలిగినప్పుడు వినబడేది. వినబడ్డప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి చూసేది, ఎవరో పిలిచినట్టు.

నడిపి చూసే రోజు గాలి బాగానే దొరికింది. నాగయ్య తమ్ముడు చిన్నరాములు స్టీరింగు పట్టాడు. ఇక మీద ఈ పడవ నడిపేది అతనే.

"గిది పడవనా, పెండ్లి బస్సా బిడ్డా? మీ నాయిన సూస్తే ఎనక సీట్ల కాళ్లు జాపుకొని పండుతుండె."

"ముచ్చట్లు తర్వాత గానీ, అలల దిక్కు తిప్పు చిన్నాయనా."

"అట్లనే, సూపర్‌వైజరమ్మా. గిప్పుడు నువ్వు చెప్తే సింగూరు గూడ జరగాలె!"

పడవ అలలను కోసుకుంటూ పోయింది. పాతదాన్ని ఎగరేసి కొట్టిన అలలు దీని ముక్కు కింద విరిగిపోయాయి. ప్రియాంకకు చాలా రోజుల తర్వాత ఊపిరి నిండుగా వచ్చింది. అయితే ఇంజన్ కంతలు పాత పడవ కొలతలోనే, పక్కకే ఉన్నాయి. వాటిలోంచి నీళ్లు చిమ్మి చిన్నరాములు కాళ్ల మీద పడ్డాయి.

"జెర స్టీరింగ్ పట్టు," అంటూ అతను సంచిలోంచి రెండు గోనెపట్టలు తీశాడు. లోపల యూరియా బస్తా ప్లాస్టిక్ అస్తరు, అంచుకు దగ్గర దగ్గరగా కుట్టు, మూలలకు తాళ్లు. ఒకటి ఈ పక్క కంతకు, ఒకటి ఆ పక్క కంతకు బిగించి కట్టాడు. నీళ్లు ఆగిపోయాయి. "సూడు, ఎంత మంచిగున్నదో!"

కాసేపటికి ఇంజన్ దగ్గింది.

ఆ దగ్గు ఆమెకు తెలుసు. ప్రతి సాయంత్రం విన్నదే. హోరుమని గాలి, దగ్గే ఇంజన్, ఇక గొంతు ఒక్కటే రావాలి. ప్రియాంక చేతిలో స్టీరింగు వట్టిగా తిరిగింది. పడవ ముక్కు మెల్లగా పక్కకు వాలింది. పక్కనుంచి ఒక అల లేచి వస్తోంది.

స్టీరింగు వదిలేసి ఆమె కంతల మీద పడింది. తాళ్లు తడిసి బిగుసుకున్నాయి. పళ్లతో లాగింది. ఒక పట్ట ఊడింది. ఇంజన్ పెద్దగా ఊపిరి పీల్చి గర్జించింది. చిన్నరాములు స్టీరింగు అందుకుని ముక్కును అలకు ఎదురు తిప్పాడు.

ప్రియాంక రెండో పట్టనూ ఊడదీసి, రెండూ చిన్నాయన చేతికిచ్చింది.

"చిన్నాయనా, ఇవి ఎక్కడివి?"

"మీ నాయిన పడవలయే. గుంజి ఒడ్డుకేసినప్పుడు కంతలకే ఉండె. వొదినె ఇంత మంచిగ కుట్టింది, పారేసుడెందుకని దాసిపెట్టిన."

"రెండు దిక్కులా ఉండెనా?"

"ఆ, రెండు దిక్కుల. గట్టిగ..." మాట మధ్యలో ఆగిపోయింది. అతను ఇంజన్ వైపు చూశాడు, చేతిలో తడిసి ముద్దయిన పట్ట వైపు చూశాడు. వాళ్ల ఊళ్లో వాన వస్తే ట్రాక్టరు మీద మొదట గోనెపట్ట పడుతుంది, తర్వాతే మనిషి నెత్తి మీద. ఇంజన్‌ను తడవనీయకూడదని వాళ్లకు తెలుసు. దానికీ ముక్కు ఉంటుందని ఎవరు చెప్పారు గనక? ఎండిన గోనెలోంచి అంతో ఇంతో గాలి ఆడేది. అస్తరు వేసి, తడిసి, రెండు పక్కలా బిగిస్తే ఆడదు.

"వొదినెకు చెప్తవా?" అన్నాడు చిన్నరాములు.

"చెప్పను."

"నేను గూడ చెప్ప. గంగమ్మ మీద ఒట్టు."

పట్టలను నీళ్లలోకి విసిరేశాడు. అవి వెంటనే మునగలేదు. ఉబ్బి, తేలుతూ, పడవ వెనకే కొంత దూరం వచ్చాయి.

షెడ్డుకు తిరిగొచ్చాక ప్రియాంక ఆ పక్క కంతలను మూసేయించి, ఇంజన్ డబ్బా మీద ఎత్తుగా రెండు గొట్టాలు పెట్టించింది, మూతులు వెనక్కి వంచి. షెడ్డు యజమాని శివశంకర్ చూసి నవ్వాడు. "ఏందమ్మా, పడవకు కొమ్ములు మొలిసినయ్?"

"ఉండనీయండి సార్," అన్నది.

ఇక సాయంత్రాలు గడవడమే కష్టమైంది. "కాళ్లైతే తడుస్తలేవు" అనే చోట అమ్మ ముఖం వెలుగుతుంటే ప్రియాంక గోడవైపు చూసేది. నాన్న చెప్పాడు. దమ్ము ఆడటం లేదన్నాడు, కాళ్లు తడవడం లేదన్నాడు. రెండూ ఒక్క గుక్కలోనే చెప్పాడు. చదువుకున్న చెవికి వినబడలేదు. ఇప్పుడది అమ్మకు వినబడిందంటే, ఆయన గొంతు కూడా ఆమెకు మిగలదు. ఆ భయంతోనే పడవ దింపే తేదీ చెప్పకుండా దాచింది.

దాగితే కదా. ఆ రోజు ఒడ్డున సొసైటీవాళ్లంతా చేరి పడవకు బొట్లు పెడుతుండగా షేర్ ఆటో దిగి ఆగమ్మ రానే వచ్చింది.

"ఏందే, పిల్ల తల్లిని పిలువకుంటనే పెండ్లి జేస్తున్నరా? ఊరంత ఫోన్ జేసి చెప్తున్నది, ఇంట్ల ఉన్న బిడ్డ తప్ప!"

ఆమె చంకలో ఒక మూట ఉంది. విప్పింది. రెండు కొత్త గోనెపట్టలు, పాతవాటికంటే పెద్దవి. లోపల రెండు పొరల అస్తరు. అంచుకు ఎర్రదారం.

"పెద్ద పడవ గదా, అందాజ మీద పెద్దగనే కుట్టిన. పట్టు మర్దీ. నీ అన్న కాళ్లు సల్లగ జూసిన, నీయి గూడ సూస్త."

చిన్నరాములు ముఖంలో నెత్తురు చుక్క లేదు. వాటిని తీసుకుని సీటు కింద పెట్టాడు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రియాంక సీటు కిందికే చూస్తోంది. చిన్నాయన వాటిని ముట్టడు. కానీ చిన్నాయనకు జ్వరమొచ్చిన నాడు ఇంకొకరు నడుపుతారు. ఏదో ఒక గాలిరోజు, నీళ్లు మీద పడుతుంటే, సీటు కింద చెయ్యి పెడతారు. ఇంత చక్కగా కుట్టినవి వాడకుండా ఎవరుంటారు? ఒడ్డు మీద దాచిన మాటను ఒడ్డు మోస్తుంది. పడవలో దాస్తే పడవ మోయదు.

ఆమె మోకాలి లోతు నీళ్లలో నడిచిపోయి పట్టలు బయటికి తీసింది.

"అమ్మా, ఇవి పడవలో ఉండొద్దు."

"ఎందుకే?"

"పైన గొట్టాలు పెట్టినం. నీళ్లు రావు."

"రాకుంటే మంచిదే. గొట్టం ఇరిగితే పనికొస్తయి గద."

"ఇరిగినా పెట్టొద్దు."

"గదే, ఎందుకని అడుగుతున్న."

ప్రియాంక అమ్మతో ఏనాడూ అబద్ధమాడిన పిల్ల కాదు. తేదీ దాచినందుకే అన్నం సరిగా సయించలేదు. "ఇంజన్ కూడా గాలి పీలుస్తదమ్మా," అన్నది.

ఆగమ్మ గొట్టాల వైపు చూసింది. పట్టల వైపు చూసింది. కూతురి కళ్ల వైపు చూసింది. ఆమె పెదవులు మెల్లగా కదిలాయి, రోజూ వినే మాటను లోలోపల చెప్పుకున్నట్టు. ఒకచోట ఆగిపోయాయి.

"ఆ దినం రెండు దిక్కుల కట్టిండా?"

చిన్నరాములు తల వంచుకున్నాడు.

"నేనే చెప్పిన," అన్నది ఆగమ్మ. "ఒక్క దిక్కే కడుతుండె. రెండు దిక్కుల కట్టుకో, ఒక్క దిక్కు కడితే ఏం ఫాయిదా అని నేనే చెప్పిన."

తర్వాత కొంగు బిగించుకుని, ఎవరితోనో కాక నీళ్లతో అన్నట్టు, "ఇగ పోనీయుండ్రి. గాలి లేస్తున్నది," అన్నది. పడవ కదిలింది. ఆగమ్మ ఒడ్డున కూర్చుని, ఎర్రదారపు కుట్టు ఒక్కొక్కటే గోటితో విప్పుతూ, పడవ కనబడకుండా పోయేదాకా చూసింది.

ఆ సాయంత్రం పటేల్‌గూడ గదిలో దీపం పెట్టారు. ఫోను గూట్లోనే ఉంది. ఆగమ్మ దాని వైపు చూడలేదు. ఇన్నాళ్లూ ఎప్పుడు ఆగుతుందా అనుకున్న ఆ గొంతు కోసం ఈసారి ప్రియాంకే చెవి ఒగ్గి కూర్చుంది. రాలేదు. గదిలో గాలి కూడా కదలడం మానేసినట్టుంది.

చివరికి ఆగమ్మే ఫోను తీసి చేతికిచ్చింది, "పెట్టు."

"అమ్మా, వద్దే..."

"పెట్టవే. ఆయన నన్ను తిట్టలే గదా."

గాలి హోరు వచ్చింది. దగ్గు వచ్చింది. గొంతు వచ్చింది. దమ్ము ఆడుతలేదు అన్నప్పుడు ఆగమ్మ కళ్లు మూసుకుంది. కాళ్లైతే తడుస్తలేవు, మీ అమ్మకు చెప్పు అన్నప్పుడు చెయ్యి చాపి ఫోనును నెమ్మదిగా నిమిరింది, ఒరిసిన పాదానికి నూనె రాస్తున్నట్టు.

మీరెప్పుడైనా సింగూరు వైపు పోతే, కొమ్ములున్న పెద్ద పడవ ఒకటి అలలను కోసుకుంటూ కనబడవచ్చు. ఎక్కితే ఆ గొట్టాల మీద చెయ్యి పెట్టకండి, తువ్వాల కూడా ఆరేయకండి. ఆగమ్మను ఎవరైనా ఒక మాట అంటే అననీయకండి. గాలి లేచి, మీ కాళ్ల మీద నాలుగు చుక్కలు చిందితే, విసుక్కోకుండా, కాళ్లు తడవకుండానే పోయిన నాగయ్యను ఒక్కసారి తలుచుకోండి.