డిప్పర్ కొట్టినందుకు

నేను తాగలేదు. నిద్రపోలేదు కూడా. చీనీ కాయల (బత్తాయిల) లోడుతో లారీ రోడ్డు దిగి ముళ్ళకంపల్లో పడిందంటే, లైట్లు ఆరిపోయాయి కాబట్టి పడింది. ఈ మాట నేను చెప్పని మనిషి ప్రొద్దుటూరు లారీ స్టాండులో లేడు. నమ్మిన మనిషీ లేడు.

నా పేరు సాల్మన్ రాజు. కమాల్ బాషా లారీకి డ్రైవరును. ఆ లారీ ఎంత పాతదంటే, దానికి ఏదైనా సామాను కావాలని అడిగితే షాపుల్లో నవ్వుతారు. అయినా అది నన్ను ఏనాడూ దారిలో ఏడిపించలేదు. దాన్ని ఏడిపించింది మనుషులే.

ఈ మధ్య దానికి ఎఫ్‌సీ వచ్చింది. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఆర్టీవో ఆఫీసు ఇచ్చే కాగితం అది. మా దగ్గర ఎఫ్‌సీ అంటే బండికి పెళ్ళి. లోపల ఏ భాగం ఎట్లా ఏడ్చినా సరే, బయట మాత్రం కొత్త రంగు పడాల్సిందే. కమాల్ బాషా పెయింటర్ చేత ముందు భాగమంతా విప్పించి, బోల్టు కూడా వదలకుండా పసుపు రంగు కొట్టించాడు. సరిగ్గా అప్పుడే కువైట్ నుంచి అతని తమ్ముడు షాకీర్ వచ్చాడు. వస్తూ వస్తూ అన్న లారీకని ఎల్‌ఈడీ బల్బులు తెచ్చాడు.

“ఆ గుడ్డి దీపాలు తీసి పారెయ్ మామా. ఇవి ఏసుకుంటే పగలో రాత్రో తెల్దు నీకు,” అన్నాడు నాతో.

వేశారు. గోడ మీద పడిన తెల్లటి వెలుగు చూసి అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం నచ్చలేదు. పాత అద్దాల వెనక ఆ బల్బు పెడితే, వెలుగు రోడ్డు మీదకన్నా చెట్ల కొమ్మల మీద, ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో ఎక్కువ పడుతోంది. ఆ మాటే అన్నాను. కువైట్‌లో అందరూ ఇవే వాడుతున్నారని నా నోరు మూయించారు. కువైట్‌లో మా లారీ లేదు కదా.

మొదటి ట్రిప్పు పులివెందుల తోటల నుంచి ప్రొద్దుటూరు పండ్ల మండీకి. ముద్దనూరు దాటి జమ్మలమడుగు వైపు వస్తుండగా పొద్దు గూకింది. లైట్లు వేశాను. ఎదురుగా ఒక మోటారు సైకిలు వస్తోంది. దాని మీద మొగుడు, పెళ్ళాం, మధ్యలో ఒక బిడ్డ.

మా లారీ డ్రైవర్లకు ఒక పద్ధతి ఉంది. చీకట్లో చిన్న బండి ఎదురైతే డిప్పర్ కొట్టి వెలుగు కిందికి దించుతాం. దాంతోపాటే కుడివైపు ఇండికేటర్ వేస్తాం. నా లారీ అంచు ఇక్కడిదాకా ఉంది, చూసుకుని పోండని చెప్పడం అది. ఏ పుస్తకంలో ఉందో లేదో నాకు తెలియదు. నాకు స్టీరింగు నేర్పినవాళ్ళు అది కూడా నేర్పారు.

డిప్పర్ కొట్టి ఇండికేటర్ వేశాను. లైట్లు రెండూ ఆరిపోయాయి. ఒక్కసారి మిణుక్కుమని మళ్ళీ ఆరాయి. ఆ వెల్తురుకు అలవాటుపడ్డ నా కళ్ళకు రోడ్డూ లేదు, బండీ లేదు. ఆ ముగ్గురూ ఎక్కడున్నారో తెలియక, స్టీరింగు మొత్తం ఎడమకు తిప్పి బ్రేకు తొక్కాను. లారీ పోయి కంపల్లో ఆగింది. కాయలు సగం నేలపాలు. మోటారు సైకిలువాడు ఆగనైనా ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఇండికేటర్ ఆపాను. అంతే, లైట్లు రెండూ బ్రహ్మాండంగా వెలిగాయి. చుట్టుపక్కల పొలాలవాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి కంపలన్నీ పట్టపగల్లా ఉన్నాయి.

“ఇంత ఎలుగు పెట్టుకోని లైట్లు ఆరిపోయినాయంటావేందప్పా?” అన్నాడు వాళ్ళలో ఒకడు.

కమాల్ బాషా వచ్చాడు. నాకు దెబ్బ తగిలిందా అని అడగలేదు. కాయల వైపు చూశాడు, లైట్ల వైపు చూశాడు.

“పండుకున్యావా, తాగినావా? ఏదో ఒకటి చెప్పు.”

“లైట్లు ఆరిపోయినాయి భాయ్.”

“కువైట్ బల్బులప్పా అవి.”

మర్నాడు స్టాండులో టీ తాగుతూ, మా సాల్మన్ తాగి తోలినాడని అందరి ముందూ చెప్పాడట. ఆ మాట నాకంటే ముందు మా ఇల్లు చేరింది. నా భార్య హెలెన్ నీళ్ళ చెంబు ఇచ్చే వంకతో దగ్గరికొచ్చి నా నోరు వాసన చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో చుక్క ముట్టని మనిషిని నేను. ఆమె మీద కోపం రాలేదు. ఆ అనుమానం ఆమె మనసులో వేసినవాడి మీద ఒళ్ళు మండిపోయింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు తాగుడు గురించి ప్రసంగం చేస్తూ మధ్య మధ్య నా వైపే చూశారు. వేరే లారీ ఓనర్లను పని అడిగితే, చూద్దాంలే అని ముఖం తిప్పుకున్నారు. తాగి తోలే డ్రైవరుకు స్టీరింగు ఎవరిస్తారు? ఇస్తే నేను కూడా తప్పే అంటాను. కానీ నేను తాగలేదు కదా.

లారీని జమ్మలమడుగులో వలి బాషా షెడ్డుకు చేర్చారు. అతను ఎలక్ట్రీషియన్. ఒక్కో లైటూ వేసి చూసి అన్నీ బాగున్నాయన్నాడు. తప్పు ఉంటే బల్బుదన్నాడు. బల్బుల షాపువాడు హోల్డర్‌దన్నాడు. హోల్డర్ మార్చినవాడు వైరింగుదన్నాడు. కొత్త ఫ్యూజు పడింది, కొత్త స్విచ్చు పడింది. ఎవడి వస్తువు వాడికి బంగారం. చివరికి మిగిలింది డ్రైవరే కాబట్టి తప్పు డ్రైవరుదని అందరూ ఒప్పేసుకున్నారు.

ఒకరోజు సాయంత్రం కమాల్ బాషా లారీ తీసుకుపోవడానికి వచ్చాడని తెలిసి నేనూ షెడ్డుకు పోయాను. ఆ రాత్రి ఇండికేటర్ ఆపగానే లైట్లు వెలిగిన సంగతి అప్పటికి నా బుర్రకు తట్టింది. ఎవరినీ అడగకుండా సీట్లో ఎక్కి కూర్చున్నాను.

“దిగప్పా, ఇంగ నీకీ బండితో పన్లేదు,” అన్నాడు.

“దిగుతా భాయ్. నువ్వు పోయి లైట్ల ముందర నిలబడు. వలీ, నువ్వూ రా.”

“నేను అన్నీ చూసినా గదన్నా,” అన్నాడు వలి బాషా.

“ఒక్కోటి ఏసి చూసినావు. రోడ్డు మీద నేను డిప్పరూ ఇండికేటరూ అన్నీ కలిపి ఏస్తా.”

“ఇండికేటర్‌తో ఏం పని? నువ్వు చెప్పేది హెడ్‌లైటు సంగతి గదా.”

లైట్లు వేశాను. డిప్పర్ కొట్టాను. వెలుగుతూనే ఉన్నాయి. కుడి ఇండికేటర్ వేశాను. రెండూ ఆరిపోయాయి. మిణుక్కుమన్నాయి, మళ్ళీ ఆరాయి. ఇండికేటర్ తీస్తే వెలిగాయి, వేస్తే ఆరాయి. కమాల్ బాషా కళ్ళు నలుపుకునేదాకా వేస్తూ తీస్తూనే ఉన్నాను.

వలి బాషా ముందు రేకు విప్పి లోపలికి దూరాడు. హెడ్‌లైటుకూ ఇండికేటర్‌కూ ఎర్తు వైరు ఒకటే. అది బాడీ ఇనుముకు బోల్టుతో బిగించి ఉండాలి. పెయింటర్ దాన్ని విప్పి, అడుగున మందంగా రంగు కొట్టి, ఆ రంగు మీదే మళ్ళీ బిగించాడు. ఇనుముకు సరిగ్గా అంటుకుంటే కదా కరెంటు పోయేది. ఇండికేటర్ కూడా తోడైతే ఆ ఉన్న కాస్త దారి రెంటికీ చాలదు. పాత బల్బయితే కాస్త మసకబారి ఊరుకునేది. ఈ కువైట్ బల్బుకు కొంచెం కరెంటు తగ్గితే చాలు, మొత్తం ఆరిపోతుంది. వలి బాషా చాకుతో రంగు గీకి బోల్టు బిగించాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వేసినా లైట్లు చెక్కు చెదరలేదు.

కమాల్ బాషా వంగి ఆ బోల్టును వేలితో తడిమి చూశాడు. తప్పయిందంటాడని ఎదురు చూశాను.

“అయినా నువ్వు ఏంటికేసినావప్పా ఇండికేటరు? వానెవనికో డిప్పర్ కొట్టకుండా వచ్చింటే నా కాయలు నిలబడేవి గదా.”

నాకు తల తిరిగిపోయింది. “ఆ బండి మీద బిడ్డ ఉండాది భాయ్. నీకు కాయలే కనపడతాండాయా?”

అతను పక్కకు పోయి టైర్లు తట్టి చూసుకోసాగాడు.

“బండి బాగయింది. మరి నా సంగతేంది? స్టాండులో అన్నావు. స్టాండులోనే చెప్పాల నువ్వు.”

ఉన్నమాట చెప్పాలి, మర్నాడు పొద్దున అతను వచ్చాడు. టీ బంకు దగ్గర డ్రైవర్లూ ఓనర్లూ అందరూ ఉండగా నిలబడి చెప్పాడు. ఎర్తు సంగతి, రంగు సంగతి ఏదీ దాచలేదు.

“సాల్మన్ తాగల్యా, పండుకోల్యా. నేనే నోరు జారినా,” అన్నాడు. లారీ తాళం అందరి ముందే నా చేతిలో పెట్టాడు.

అందరూ తలలూపారు. వలి బాషాను మెచ్చుకున్నారు, పెయింటర్‌ను తిట్టారు. నా గుండె మీది బరువు దిగినట్టయింది. టీ బంకు ఉస్మాన్ నాకు టీ ఇచ్చి, ప్రేమగా భుజం మీద చెయ్యి వేశాడు.

“పోనీలే మామా, అంతా మంచికే అయింది. ఇప్పుడన్నా నిజం చెప్పు. ఆ పొద్దు రవ్వంతన్నా తాగింటావు గదా?”

అందరూ నవ్వారు. కమాల్ బాషా కూడా నవ్వాడు.

నేను తాళం తీసుకెళ్ళి అతని ముందు బల్ల మీద పెట్టాను. లోడుకు ఇంకొకరిని చూసుకోమని చెప్పి నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాను.